మట్టితాత ముద్ద

వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు నిండా గిజిగాళ్ల కాపురాలే. ఎవరు గూడల్లినా, గుడ్లు పెట్టకముందు దాంట్లో మట్టిముద్ద పెట్టి, బరువుకి నిలుస్తుందో తెగుతుందో చూడాలని అక్కడి కట్టడి. ఆ ముద్దని కాపాడే ముసలి గిజిగాణ్ణి అందరూ మట్టితాత అనేవారు. ముద్దతో పనిపడితే తప్ప ఆయన కొమ్మ మీద ఎవరూ వాలేవారు కాదు.

ఆ వేసవిలో ముద్ద పెట్టి చూస్తే ఒక్క గూడూ తెగలేదు. తాత మురిసిపోయాడు. అంతలో ఓ చిన్న గాలికే కొత్త జంట గూడు అడుగు ఊడి, గుడ్లన్నీ వాగులో పడ్డాయి.

తాత గబగబా తన కొమ్మకి ఎగిరాడు. ముద్దని ముక్కుతో ఎత్తి చూశాడు. మెడ లాగేయాల్సిన ముద్ద తేలిగ్గా లేచింది. ఎండకి పగిలి, పెచ్చులూడి, అది ఎప్పుడు సగమైందో ఆయన చూసుకోలేదు.

బంకమట్టి తెచ్చి, ముద్ద మళ్లీ మెడ లాగేదాకా మెత్తాడు. మిగతా ఎవరూ ఇంకా గుడ్లు పెట్టలేదు కాబట్టి, గూళ్లన్నిట్లో ముద్ద పెట్టి మళ్లీ చూశాడు. సగం తెగాయి.

"నిన్నటిదాకా నిలిచినవి ఇవాళ తెగాయంటే నీ ముద్దలోనే తేడా ఉంది," అని పసుపుతల అనే పడుచు గిజిగాడు ఎగిరిపడ్డాడు.

"తేడా నిన్నటి ముద్దలో ఉంది నాయనా. చూసుకోనిది నేనే," అన్నాడు తాత.

తిట్టుకుంటూనే అందరూ మళ్లీ అల్లారు. తాతతో మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

తొలకరి గాలివాన రానే వచ్చింది. గూళ్లు ఊగాయి గానీ ఒక్కటీ తెగలేదు, తాతది తప్ప. దాన్ని చూసుకునే తీరిక ఆయనకి దొరకలేదు. వట్టి కొమ్మ మీద, ముద్దని రెక్కల కింద దాచుకుని తడుస్తూ కూర్చున్నాడు.

వాన వెలిశాక పసుపుతల వెచ్చని గూట్లోంచి తల బయటపెట్టాడు.

"తాతా, ముద్ద తడవలేదు కదా? మా తమ్ముడు గూడల్లుతున్నాడు."

"తడవలేదు," అన్నాడు తాత.