ఒక్క ఒత్తు

“ఇంతకీ జెండాలు విప్పెయ్యమంటారా, వద్దంటారా?”

ప్రచార వ్యాన్ డ్రైవర్ ఆఫీసు గుమ్మంలో నిలబడి అడుగుతున్నాడు. ఎమ్మెల్యే పీఏ మోగుతున్న మూడు ఫోన్లనీ బల్ల మీద బోర్లా తిప్పి పెట్టాడు. మధ్యాహ్నం రెండున్నర. సాయంత్రం ఐదింటికి ప్రచారం ఆఖరు, ఎల్లుండి పోలింగ్. సరిగ్గా ఇప్పుడే ఊళ్లో ప్రతి ఫోన్‌లోనూ ఒక ఉత్తరం తిరుగుతోంది. పైన ఎమ్మెల్యే లెటర్‌హెడ్, కింద ఎమ్మెల్యే సంతకం.

‘ఆరోగ్యం సహకరించడం లేదు. కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన చేసే ఓపిక కూడా నాకు లేదు. పోటీ నుంచి తప్పుకుంటున్నాను. మీకు నచ్చినవారికి ఓటు వేసుకోండి.’

“ఓపిక లేదా? నాకా?” ఎమ్మెల్యే బల్ల గుద్దాడు. టీ గ్లాసులు ఎగిరిపడ్డాయి. “మూడుసార్లు గెలిచినవాణ్ణి! ఇది ఆ కాంట్రాక్టరు పనే. ఎదురుగా నిలబడి గెలవలేక వెనకనుంచి గోతులు తవ్వుతున్నాడు!”

కాంట్రాక్టరంటే ప్రత్యర్థి. పాతికేళ్లు రోడ్లు వేసి, ఈసారి ఓట్లకొచ్చాడు.

“సంతకం మాత్రం మీదే సార్,” పీఏ నీళ్లు నమిలాడు. “అవసరానికి ఉంటాయని ఖాళీ లెటర్‌హెడ్ల మీద మీచేత సంతకాలు పెట్టించి మీ ఇంట్లో సొరుగులో ఉంచుతాం కదా, వాటిలో ఒక కాగితం తగ్గింది.”

“ఇంటికి రోజూ వందమంది వచ్చిపోతారు. ఎవడని పట్టుకుంటాం?”

“ముందు ఈ మాత్ర వేసుకోండి.” ఎమ్మెల్యే భార్య మంచినీళ్లు అందించింది. ముప్ఫై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పిన ఆవిణ్ణి ఊరంతా టీచరమ్మ అనే పిలుస్తుంది. “డాక్టరు వ్యాన్ ఎక్కొద్దన్నాడు. నా మాట ఎలాగూ వినరు, ఆయన మాటైనా వినండి. ఈ ఒక్కసారికీ పోతే పోనివ్వండి.”

“పోనివ్వడానికి ఇదేమన్నా బస్సా, వెనకాల ఇంకోటి వస్తుందనడానికి?”

పీఏ ఉత్తరాన్ని మళ్లీ చదివాడు. ఏదో కొత్తగా ఉంది. ఏమిటది? శంకుస్థాపన... శంకు...

పదిహేనేళ్లలో ఆ మాటని వెయ్యిసార్లు టైపు చేసుంటాడు. ఒక్కసారి కూడా ఇలా కొట్టలేదు. ఎమ్మెల్యే రాసేది ‘శంఖుస్థాపన’. ఎవరైనా తప్పంటే, “ఒత్తు లేకపోతే పునాది గట్టిగా ఎలా ఉంటుందయ్యా?” అని ఎదురు కసిరేవాడు. ఊళ్లో ఏ పునాదిరాయి చూసినా ఒత్తే.

“సార్!” పీఏ లేచి నిలబడ్డాడు. “వ్యాన్ ఎక్కండి. చెప్తా, దారిలో చెప్తా!”

మార్కెట్లో జనం పలచగా ఉన్నారు. ఉన్నవాళ్లు కూడా చేతులు కట్టుకుని, పాత సామాను బేరం చేయడానికొచ్చినట్టు చూస్తున్నారు. ఎమ్మెల్యే మైకు అందుకున్నాడు.

“ఈ నీళ్ల ట్యాంకు ఎవరు కట్టించారు?”

“మీరే,” అన్నారెవరో నీరసంగా.

“దాని రాయి మీద ఏముందో చదువమ్మా!”

ట్యాంకు పక్కనే కూరగాయలు అమ్మే ఆవిడ మెడ తిప్పి చదివింది. “శంఖు... స్థాపన.”

“ఒత్తుందా, లేదా?”

“ఉంది సార్, ఇంత లావుది!”

“ఇప్పుడు మీ ఫోన్లు తీయండి. ఆ ఉత్తరంలో అదే మాట చూడండి. ఒత్తుందా?”

అందరూ తలలు వంచారు.

“పదిహేనేళ్లుగా నన్ను వెక్కిరిస్తూనే ఉన్నారు కదా! మీరే చెప్పండి. నేను ఎప్పుడైనా ఆ మాట సరిగ్గా రాశానా?”

వెనకనుంచి ఒక గొంతు, “రాయలేదు! చచ్చినా రాయలేరు సార్!”

మార్కెట్ మొత్తం గొల్లుమంది. నవ్వులు ఈలలయ్యాయి. ఈలలు ఊరేగింపయ్యాయి. ఐదు గంటలయ్యేసరికి కాలు పెట్టే సందు లేదు. “ఒత్తుకే మన ఓటు!” అని అరుస్తున్నారు జనం.

ఓట్లు లెక్కపెట్టిన రోజు ఆఫీసు కిటికీల దాకా మనుషులే. పోయినసారి మెజారిటీ ఐదు వేలు. ఈసారి పదకొండు. నాలుగోసారి గెలిచిన ఎమ్మెల్యే కుర్చీలో కూర్చోలేక బల్ల మీదకెక్కి చేతులూపుతున్నాడు. అప్పుడే కాంట్రాక్టరు మనిషి వచ్చి, ఒక పూలగుత్తీ ఒక చీటీ ఇచ్చి వెళ్లాడు.

“చేసిందంతా చేసి, ఇప్పుడు పూలా?” ఎమ్మెల్యే నవ్వుతూ దిగాడు. “ఏం ఏడ్చాడో చదువు.”

కాంట్రాక్టరు స్వయంగా పెన్నుతో రాసిన చీటీ. పీఏ చదివాడు. “అభినందనలు. త్వరలో మీ చేతుల మీదుగా ఆసుపత్రికి శంఖుస్థాపన...” అక్కడ ఆగిపోయాడు. “సార్, ఈయనా ఒత్తు పెట్టాడు.”

“పెట్టడా మరి? మన రాళ్లు చూసి ఊరంతా అలాగే నేర్చుకుంది!”

“అయితే ఆ దొంగ ఉత్తరం ఈయన రాసింది కాదు సార్.”

ఎమ్మెల్యే పగలబడి నవ్వాడు. “ఎవరైతేనేం! వాళ్ల పుణ్యమాని మెజారిటీ రెట్టింపు దాటింది. మనిషెవరో తేల్చు. ఈ పూలగుత్తి నా చేతులతో నేనే ఇస్తా!”

పీఏ చీటీని బల్ల మీద పెట్టి ఆలోచనలో పడ్డాడు. అవతల కూర్చున్న టీచరమ్మ దాన్ని అందుకుంది. కళ్లజోడు సర్దుకుని చదువుతూ, ఒకచోట ముఖం చిట్లించింది. చెయ్యి దానంతటదే హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లి ఎర్ర పెన్ను తీసింది. ‘ఖు’ని అడ్డంగా కొట్టేసి, పైన గుండ్రంగా ‘కు’ అని రాసింది.

పీఏ ఆ పెన్ను వంక చూశాడు. ఆవిడ తలెత్తింది. పెన్నుకి మూత పెట్టడం మర్చిపోయింది.

“పూలగుత్తి అమ్మగారికివ్వండి సార్,” అన్నాడు పీఏ.