ఎనిమిదిన్నర అడుగుల నీడ

కొత్త డాబా మీద ఎవరో సుద్దతో గీతలు గీశారు.

మంజూష వంగి చూసింది. ఒక్కో గీత పక్కన ఒక టైము రాసి ఉంది. పన్నెండు. రెండు. మూడు.

మధురానగర్‌లో ఆమె కట్టించిన నాలుగంతస్తుల లేడీస్ హాస్టల్ అది. రంగులు కూడా అయిపోయాయి. కొత్త భవనాల మీద సోలార్ ఉండి తీరాలన్నారు కాబట్టి, ఆ ప్యానెళ్లు బిగిస్తేనే తెరవడానికి అనుమతి వస్తుంది.

"ఈ గీతలేంటి?" వాచ్‌మన్‌ని అడిగింది.

"ఒక పెద్దాయన మేడమ్. మూడు దినాల సంది వస్తుండు. జర ఎండ చూసి పోత అంటడు."

"ఎండ చూడ్డానికి మా డాబానే దొరికిందా?"

వాచ్‌మన్ నవ్వాడు. మంజూషకు నవ్వు రాలేదు. కొత్త భవనం కనబడితే చాలు, ఏదో లోపం పట్టుకుని ఫిర్యాదు రాసేవాళ్లు ఉంటారని ఆమె విని ఉంది.

మర్నాడు మధ్యాహ్నం కాపు కాసింది.

సరిగ్గా మూడింటికి డాబా మీద మాటలు వినబడ్డాయి. మెట్లెక్కి తలుపు చాటున ఆగింది.

డెబ్బై ఏళ్ల మనిషి. తెల్లచొక్కా, మెడలో దర్జీ టేపు. డిసెంబరు ఎండలో నిటారుగా నిలబడి ఉన్నాడు. ప్యానెళ్లు బిగిస్తున్న జగదీశ్, ఆయన నీడ చివర సుద్దతో గీత పెట్టి టేపు పట్టాడు.

"ఎంత తమ్మీ?"

"ఎనిమిదిన్నర అడుగులు."

"నేను ఐదడుగుల ఐదంగుళాలే. మూడు గొట్టేసరికి నాకంటె నా నీడనే మస్తు పెరిగింది!"

చిన్నపిల్లాడిలా నవ్వి, అంతలోనే అడిగాడు.

"గీ ప్యానెళ్ల మీద నీడ పడితే ఏమైతది?"

"ఒక మూలకు పడ్డా ఆ వరస మొత్తం డీలా అయితది పెద్దాయనా."

ఆయన నవ్వు ఆగిపోయింది.

మంజూష ముందుకొచ్చింది. "ఎవరండీ మీరు?"

"ఉప్పలయ్యనమ్మా. పంజాగుట్టల దర్జీ దుకాణం ఉండె నాకు."

"మిమ్మల్ని ఎవరు పంపారు?"

"ఎవ్వలు పంపలే బిడ్డా. నేనెందుకు కొలుస్తున్ననంటె..."

"మీరేం చెప్పక్కర్లేదు. మా దగ్గర కాగితాలన్నీ ఉన్నాయి. ఇంకోసారి గేటు దాటితే పోలీసుల్ని పిలుస్తాను."

ఆయన టేపు చుట్టుకున్నాడు.

"ఒక్క ముచ్చట చెప్పు. గీజర్లు సుత వీటి మీదనేనా?"

"డెబ్బై మంది ఆడపిల్లలుంటారు. చలికాలం వేణ్నీళ్లు లేకపోతే ఎలా? అయినా మీకెందుకివన్నీ?"

"నిజమే," అన్నాడాయన. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. ఫిర్యాదూ రాలేదు. తన బెదిరింపు పనిచేసిందనుకుంది మంజూష.

జూన్‌లో హాస్టల్ తెరిచింది. అమీర్‌పేటలో కోచింగ్‌కొచ్చిన పిల్లలతో గదులన్నీ నిండిపోయాయి.

జూలైలో, దక్షిణం వైపు ఖాళీ స్థలంలో పునాదులు తవ్వడం మొదలైంది. కంచెకు బోర్డు కట్టారు. ఐదంతస్తులకు అనుమతి.

ప్యానెళ్లు తుడవడానికి వచ్చిన జగదీశ్ ఆ బోర్డు చదివి తల గోక్కున్నాడు.

"నాలుగైతే ఫికర్ లేదు మేడమ్. ఐదోది లేస్తే, చలికాలం మన ముందు రెండు వరసలు పనిచెయ్యవు."

"ఆపమని అడగొచ్చా?"

"వాళ్ల జాగ, వాళ్ల పర్మిషన్. ఎట్ల ఆపుతరు?"

ఆ రోజు నుంచి ప్రతి ఉదయం కాఫీ గ్లాసుతో డాబా ఎక్కడం మంజూషకు అలవాటైపోయింది. ఒక స్లాబు పడింది. రెండోది పడింది. నవంబరులో నాలుగోది కూడా పడింది.

ఇక పైకి స్తంభాలు లేస్తాయని చూస్తూ ఉంటే, కూలీలు ఇటుకలు మోసుకొచ్చి పిట్టగోడ కట్టడం మొదలుపెట్టారు.

మంజూషకు అర్థం కాలేదు. రెండు రోజులు చూసింది. మూడో రోజు ఉండబట్టలేక పక్కకే వెళ్లింది.

"ఇంతేనా మేస్త్రీ? ఇంకా కడతారా?"

"ఇంతే మేడమ్. అయిపోయింది."

"బోర్డు మీద ఐదని ఉందిగా?"

"ఉన్నది. మా సార్ ఐదోది వద్దన్నడు."

"ఎందుకు?"

"అవ్వనడుగుండ్రి," అని మేస్త్రీ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ముసలావిడను చూపించాడు. "సార్ భార్య, కమలవ్వ."

మంజూష దగ్గరికెళ్లి నమస్కారం పెట్టింది. "నేను పక్క హాస్టల్ మంజూషనమ్మా. మీ ఆయన ఉన్నారా?"

"ఉగాది ముందల పోయిండు బిడ్డా."

మంజూష పక్కనే ఉన్న ఇటుకల మీద కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఆయన ఐదో అంతస్తు ఎందుకు వద్దన్నారమ్మా?"

"మీ డాబా ఎక్కి కొలుసుకొచ్చినంక, నా ఇల్లు ఐదంతస్తులు లేస్తే ఆ ఆడపిల్లలకు వేణ్నీళ్లుండవే కమలా అన్నడు."

మెడలో దర్జీ టేపుతో తమ డాబా మీద నిలబడ్డ మనిషి మంజూషకు గుర్తొచ్చాడు.

"ఆ స్థలం తనదని నాతో ఒక్క మాట చెప్పుంటే..."

"చెప్పవోయిండట. నీకు తీరిక లేకుండెనట."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఆయన ఇంటికెళ్లి అలాగే చెప్పి ఉంటాడు.

కమలవ్వ తల ఎత్తి, పిట్టగోడ పైన ఖాళీగా ఉన్న ఆకాశాన్ని చూసింది.

"కింది నాలుగూ నలుగురు పిల్లలకు బిడ్డా," అంది. "ఆయన వద్దన్న ఐదోదే మేమిద్దరం ఉందామనుకున్న ఇల్లు."