రోజుకో ఫాల్టు

చిన్నకోడలు నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్షకు ఫీజు కట్టిందని తెలిసిన రోజున పెద్దకోడలికి అన్నం సయించలేదు.

సయించదు మరి. హెల్ప్‌డెస్కులో ఎనిమిదేళ్లుగా "ఒకసారి ఆపి ఆన్ చేసి చూడండి సార్" అని చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నది తను. రెండేళ్ల క్రితం తోడికోడలిని వెంటబెట్టుకుని వెళ్లి పక్క కుర్చీలో ఉద్యోగం వేయించిందీ తనే. ఇప్పుడు నెట్‌వర్క్ విభాగంలో ఒకే ఒక్క ఖాళీ వచ్చింది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే ఇస్తామన్నారు. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే.

ఆ పరీక్ష తనూ ఒకసారి రాసింది. చదివిన ప్రశ్నలన్నీ బాగానే చేసింది. పాడైన నెట్‌వర్క్‌ను చూపించి తప్పెక్కడుందో పట్టుకోమన్నచోట బోల్తా పడింది. మళ్లీ రాయడానికి మొహం చెల్లలేదు. తను తప్పిన పరీక్షను నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల గట్టెక్కితే ఇంట్లో, ఆఫీసులో తలెత్తుకునేదెలా?

"ఏమ్మా, మీ చెల్లెలు రాస్తోందట, నువ్వు రాయవా?" అని మేనేజరు అడిగి పుండు మీద కారం చల్లాడు.

చిన్నకోడలు ఎక్కడినుంచో మూడు పాత నెట్‌వర్క్ స్విచ్చులు, ఒక రౌటరు, రెండు పాత కంప్యూటర్లు తెచ్చింది. హాల్లో సరిగ్గా పెద్దకోడలి గది ఎదురుగా బల్ల వేసి, కేబుళ్లు కలిపి, రోజూ ఆఫీసుకు వెళ్లేముందు సాధన మొదలుపెట్టింది. తలుపు తీస్తే చాలు, ఆకుపచ్చ దీపాలు మిణుకుమిణుకుమంటూ పెద్దకోడలి కళ్లలో పడేవి.

"బాగా వెలుగుతున్నాయి కదక్కా!"

"వెలుగుతాయి, వెలుగుతాయి," అంది పెద్దకోడలు. కడుపులో మండుతున్న సంగతి చెప్పలేదు.

ఒకరోజు చిన్నకోడలు స్నానానికి వెళ్లింది. మామగారు పేపరు మొహాన కప్పుకుని పడక కుర్చీలో ఉన్నారు. టెలిఫోన్ లైన్‌మన్‌గా రిటైరయ్యాక ఆయనకు అదే డ్యూటీ. పెద్దకోడలు చటుక్కున ఒక కేబులు పీకి పక్క పోర్టులో పెట్టేసింది. ఇది అసూయ కాదు, న్యాయం అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

చిన్నకోడలు వచ్చి చూసి, "అయ్యో, నిన్న బాగానే ఉందే!" అని జుట్టు పీక్కుంది. సరిచేయడానికి గంట పట్టింది. ఆ పూట పెద్దకోడలు రెండు ముద్దలు ఎక్కువే తింది.

మర్నాడు ఇంకో కేబులును ఊడీ ఊడనట్టు వదులు చేసింది. అది అరగంటలో దొరికిపోయింది. ఇక కేబుళ్లతో లాభం లేదని సెట్టింగుల మీద పడింది. చిన్నకోడలు పాస్‌వర్డును చీటీ మీద రాసి స్విచ్చుకే అతికించి పెట్టింది. 'ఇంత తెలివితక్కువదానికి నెట్‌వర్క్ ఉద్యోగం కావాలట!' అని పెద్దకోడలు మూతి తిప్పుకుంది. ఒకరోజు ఒక కంప్యూటరు నెట్‌వర్క్ అడ్రసులో ఒక్క అంకె మార్చింది. ఇంకోరోజు రెండు కంప్యూటర్లకు ఒకే అడ్రసు ఇచ్చింది. పనిచేస్తున్న పోర్టును మూసేసి ఏమీ ఎరగనట్టు కాఫీ కలుపుకుంది. కొత్త తప్పు తోచకపోతే అటకమీది పాత పుస్తకం దించి మరీ వెతికింది. పరీక్షకైనా అంత శ్రద్ధగా చదవలేదు పాపం.

"ఈ పాత సామాను నన్ను చంపుతోందక్కా," అని చిన్నకోడలు తల పట్టుకునేది.

"పోనీ వదిలెయ్యవే. మనకు రాసిపెట్టి లేదనుకో," అని పెద్దకోడలు వీపు నిమిరేది.

నలభై రోజులు గడిచాయి. చిన్నకోడలు పరీక్ష రాసింది, పాసైంది. మామూలుగా కాదు, తప్పులు పట్టే భాగంలో నూటికి నూరు. వారం తిరక్కుండా నెట్‌వర్క్ విభాగంలో ఆ కుర్చీ ఆమెదైంది.

పెద్దకోడలికి మంచినీళ్లు కూడా గొంతు దిగలేదు. నవ్వు మొహానికి పులుముకుని వంటింట్లో ఉన్న తోడికోడలి దగ్గరికి వెళ్లింది.

"నేను తప్పింది అక్కడే కదే! నీకు నూటికి నూరు ఎలా వచ్చాయి? ఏ కోచింగులో చేరావు? నాకు మాటమాత్రం చెప్పలేదే!"

చిన్నకోడలు తడి చేతులు తుడుచుకుని, ఆమె రెండు చేతులూ ఆప్యాయంగా పట్టుకుంది.

"రోజూ నాకు చెప్పకుండా ఏదో ఒకటి పాడుచేసి పెట్టే మనిషి కావాలి, ఎవర్ని బతిమాలను అని మొదట్లోనే మామయ్యగారిని అడిగితే, 'ఎవర్నీ బతిమాలక్కర్లేదమ్మా, ఆ బల్ల తీసుకెళ్లి మీ అక్క గుమ్మం ముందు వేసుకో' అన్నారక్కా."