లాలాగూడ సాక్షి

"మొదటి దెబ్బ అరికాళ్ల మీద పడ్డది సార్. రబ్బరు పైపు. లోపల ఇసుక నింపి ఉంటది."

పురుషోత్తం తల ఎత్తకుండా చెబుతున్నాడు. రాంగోపాల్‌పేట్‌లోని తన ఆఫీసులో ఎంపీ సత్యదేవ్ ఒక్కో మాటా రాసుకుంటున్నాడు. పక్క కుర్చీలో లీలాకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది.

ఆమె భర్త రఘునాథ్ పరాయి దేశంలో ఎలక్ట్రీషియన్. అక్కడి కూలీల సమ్మెను సమర్థిస్తూ ఫోన్లో నాలుగు ముక్కలు రాసి పెట్టాడు. రెండేళ్ల కిందట పట్టుకుపోయారు. ముందు రాజద్రోహమన్నారు. తర్వాత, అలాంటి మనిషే మా దగ్గర లేడన్నారు.

అటువంటి వాళ్ల కోసమే సత్యదేవ్ పార్లమెంటులో బిల్లు పెట్టాడు. విదేశీ జైళ్లలో ఉన్న మన రాజకీయ ఖైదీలను మన రాయబారులు నెలకోసారి చూసి తీరాలి, వకీలును పెట్టి తీరాలి. "అసలు ఖైదీలే లేకపోతే చట్టం ఎవరికండీ?" అని తోటి సభ్యులు కొట్టిపారేశారు. చూసినవాడు ఒక్కడైనా కావాలి.

ఈ ఉదయం లాలాగూడ నుంచి పురుషోత్తం తనంతట తానే వచ్చాడు. మూడేళ్లు ఆ జైల్లోనే ఉన్నానని, రఘునాథ్‌ను కళ్లారా చూశానని చెప్పాడు. సత్యదేవ్ వెంటనే లీలాకుమారిని పిలిపించాడు.

"తర్వాత?"

"చేతులు ఎనక్కి కట్టి కొక్కేనికి ఏలాడదీసుడు. భుజం జారింది. కింద పడంగనే పక్కటెముకల మీద బూటు దెబ్బలు. రెండు పండ్లు ఊడినయ్. నెత్తురు ఉమ్మేసి, నేరం ఒప్పుకునే కాగితం మీద సంతకం పెట్టనన్నడు."

లీలాకుమారి నోటి మీది కొంగు తీసింది. "నా పేరు తీసిండా?"

"తెలుగులనే ఏడ్చేటోడమ్మా. అక్కడ అది సమజయ్యేది నా ఒక్కనికే. ఒకనాడు 'అన్నా, మీదెక్కడ?' అని అడిగిండు. లాలాగూడ అన్న. 'మాది బోయిన్‌పల్లి, మార్కెట్ ఎనుక' అన్నడు. జెరసేపు నవ్విండు సుత. గంతే. మల్ల దెబ్బలు షురూ."

సత్యదేవ్ కలం ఆగిపోయింది.

"నలభై ఒకటో దినం ఎడమ చెయ్యి వేళ్లు ఇరిగినయ్. సంతకం పెట్టే చెయ్యి కావాలె గదా, అందుకని ఎడమది. ఇనుప తలుపు సందుల పెట్టి. నాలుగు వేళ్లు, నాలుగుసార్లు. ఆ చప్పుడు ఇనపడి ఇప్పటికీ నిద్రల నుంచి లేస్త సార్."

"ఇప్పుడు బతికే ఉన్నడా అన్నా?" లీలాకుమారి అడిగింది.

"నేను విమానం ఎక్కిన నాడు ఉన్నడు. పన్నెండో గదిల. గది నంబరు రాసుకోండి సార్, ఇగ లేడని అనరాదు."

రెండేళ్లలో మొదటిసారి ఆమెకు భర్త ఉన్న చోటు తెలిసింది. భోరుమంది. లేచి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"గింత నరకం పడి వచ్చి సుత మా కోసం నోరు తెరిచినవ్. నువ్వు నా సొంత అన్నవు."

"వద్దమ్మా... ఇడువు." పురుషోత్తం చేతులు గుంజుకున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"భయపడకండి పురుషోత్తం గారూ," అన్నాడు సత్యదేవ్. "దీన్ని సభలో చదువుతాను. మీరు అసలు ఆ జైల్లోనే లేరని వాళ్లు వాదిస్తారు. అందుకని మీ వివరాలు కూడా గట్టిగా ఉండాలి. మీ ఖైదీ నంబరు చెప్పండి."

పురుషోత్తం కాగితం ముందుకు లాక్కుని, అడుగున సంతకం చేశాడు. అప్పుడు లీలాకుమారి వైపు చూశాడు.

"నాకు ఖైదీ నంబరు లేదు సార్, డ్యూటీ నంబరు ఉన్నది... కొట్టింది నేనే."