తడి ఆరని మంటలు

క్రాంతి కుమార్ చేసింది మామూలు అన్యాయం కాదు. పొలం గుంజుకోవడానికి చూసిందే కాక, ఎల్లన్న ఇంటికి మనిషన్నవాడు రాకుండా చేశాడు.

గద్వాలలో అతనిది విత్తనాలు, ఎరువుల దుకాణం. వాడకట్టు మొత్తం అతని దగ్గర అరువు మీద తెచ్చుకునేదే. ఎల్లన్నతో మాట్లాడితే ఆ అరువు బందయిపోతుంది.

అందుకే ఎవరూ మాట్లాడరు.

మల్దకల్ దగ్గరి ఆ పొలాన్ని క్రాంతి కుమార్ తండ్రి, ఎల్లన్న తండ్రి తిప్పన్నకు అమ్మాడు. రిజిస్ట్రేషన్ లేదు. ఆ కాలంలో అందరిలాగే తెల్లకాగితం మీద రాసుకున్నారు. పెద్దవాళ్ళిద్దరూ పోయాక, "మా నాయిన కౌలుకిచ్చిండు గని, అమ్మలే" అన్నాడు క్రాంతి కుమార్.

కింది కోర్టులో ఎల్లన్న ఓడిపోయాడు. అప్పీలులో ఆఖరి వాయిదా మిగిలింది.

"కాగితం మీది సాక్షి ఒక్కడన్న బతికుంటే పొలం నీదే ఎల్లన్నా," అన్నాడు వకీలు. "లేకుంటే అది ఉత్త కాగితం."

సాక్షులంతా ఎప్పుడో చచ్చిపోయారని ఊరు చెప్పింది. ఎల్లన్న నమ్మాడు.

వాయిదా ముందురోజు అతను ఇంటి ముందర తన పాత అంబాసిడర్ కారుకు రంగులు వేస్తున్నాడు. భార్య రంగమ్మ పోయిన తర్వాత ఆ ఇంట్లో కదిలేవి రెండే, అతనూ ఆ కారూ. పొలం పోతే కారే తిండి పెట్టాలి. బానెట్ మీద మంటల బొమ్మలు, పక్కల పొడుగునా సన్నగీతలు ఉంటే పెండ్లిళ్ళకు కిరాయి దొరుకుతుందని ఆశ.

వలస పోయినప్పుడు ముంబైలో ఒక లారీల షెడ్డులో నేర్చిన పని. గీత లాగేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. మాట్లాడకూడదు. పక్కనున్నవాడు మాట్లాడినా చెయ్యి అదురుతుంది.

"తిప్పన్న కొడుకువు నువ్వేనా, బిడ్డా?"

ఎల్లన్న గీత చివరిదాకా లాగి, కుంచె ఎత్తి, అప్పుడు తిరిగి చూశాడు.

చంకలో గుడ్డసంచితో ఒక ముసలాయన. ఎన్నడూ చూసిన ముఖం కాదు.

"ఎవరు పంపిండ్రు నిన్ను?"

"ఎవరు పంపలే. నేనే వచ్చిన. జర నీతోని పనుంది."

"నాతోని పనున్నోళ్ళంత రాజీ ముచ్చటకే వస్తరు. క్రాంతి కుమార్ ఏమిస్తనన్నడు నీకు?"

"అగో, నేను గందుకు రాలే..."

"ఊకో. ఇంకో గీతుంది. అయ్యేదాక నోరు తెరవకు."

ముసలాయన చెప్పులు విడిచాడు. అరుగు మీద కూర్చున్నాడు. ఎండ అరుగు మీదికి వచ్చింది. కాస్త జరిగి కూర్చున్నాడు.

ఆ గీత అయ్యాక ఎల్లన్న ఇంకోటి మొదలుపెట్టాడు, కావాలనే.

"మాట్లాడొచ్చునా ఇగ?"

"మంటలు మిగిలినయి."

"నీ మంటలు ఆరేసరికి నా పానమే ఆరిపోతది గని," అని ముసలాయన నవ్వాడు. "మంచిగున్నయి బిడ్డా. పీర్ల పండుగల నిప్పుల గుండం లెక్కనే ఉన్నయి. మీ నాయిన దుంకుతుంటె చూడాలె. లుంగీ అంటుకున్నా సోయి లేకపోతుండె."

ఎల్లన్నకు నవ్వు వచ్చింది. ఆపుకున్నాడు.

ఆ ఇంటి ముందరికి వచ్చి ఒక మంచి మాట అన్న మనిషి రంగమ్మ పోయాక ఇతనే. చాయ్ తాగుతావా అని అడగబోయాడు. క్రాంతి కుమార్ మనిషికి చాయ్ పోశాడని రేపు ఊరంతా నవ్వుతుందనిపించింది.

అడగలేదు.

ముసలాయన మంటలను దగ్గరగా చూద్దామని లేచాడు. మోకాలు పట్టేసింది. తూలి బానెట్ మీద చెయ్యి ఆనించాడు. బొటనవేలు తడి రంగులో దిగబడింది.

"అరె, కండ్లు సరిగ అగుపడవు బిడ్డా..."

"గిందుకే పంపిండా వాడు నిన్ను?" ఎల్లన్న గొంతు పెంచలేదు. "పొలం సాలలేదా? బండి గూడ ఖరాబు చేయాల్నా?"

"నా మాట ఒక్కటి ఇను. చెప్పి పోత."

"ఏం ఇననక్కర లేదు. పేరు చెప్పకు, ఊరు చెప్పకు. నడువు."

ముసలాయన వేలిని సంచికి తుడుచుకున్నాడు. చెప్పులు వెతుక్కుని తొడుక్కున్నాడు.

"మీ నాయిన గిట్ల లేకుండె," అన్నాడు. వెళ్ళిపోయాడు.

ఎల్లన్న టిన్నర్‌తో వేలి గుర్తు తుడిచి, ఆ మంట మళ్ళీ వేశాడు. పొద్దుగూకే వేళకు అక్కడ ఏమీ జరగనట్టే ఉంది.

తెల్లారి ఆ కారులోనే కోర్టుకు వెళ్ళాడు. సాక్షి ఉన్నాడా అని అడిగారు. లేడన్నాడు వకీలు. మధ్యాహ్నానికి అప్పీలు కొట్టేశారు.

"అయిపోయింది ఎల్లన్నా. ఇంక ఎక్కడికి పోలేం."

కోర్టు ముందరి చాయ్ హోటల్ సుగుణమ్మది. ఆమెకు పొలం లేదు, ఎరువుల అరువూ లేదు. అందుకే ఎల్లన్నతో మాట్లాడుతుంది.

"నిన్న నీ ఇల్లు జూపిచ్చిన ముసలాయనకు. కలిసిండా?"

"ఏ ముసలాయన?"

"గదే, రాయచూరు నుంచి వచ్చిన తాత. సాయంత్రం మల్ల వచ్చి, వేలికి రంగంటిందని నీళ్ళడిగిండు. రెండు దినాలు ఉండేటట్టు బట్టలు గూడ తెచ్చుకున్నడు. ఏందో మరి, రాత్రి బస్టాండ్ల పండి పొద్దుగాల్నే బస్సెక్కిండు."

"ఏమన్న అన్నడా?"

"తిప్పన్న కొడుక్కి నేను అక్కెర లేనంట, అన్నడు."

ఎల్లన్న గ్లాసు కింద పెట్టాడు.

"పేరేందన్నడు సుగుణమ్మా?"

"బాబా."

వకీలు ఎన్నోసార్లు చదివి వినిపించిన ఆ తెల్లకాగితం అడుగున సాక్షుల్లో ఆఖరి పేరు అదే. ఎల్లన్నకు పోయింది రెండెకరాల పదమూడు గుంటలు.