బెల్లం నీళ్లు

"దాని మీద చెయ్యి పడ్డదో, మంచిగుండదు!" భాగ్యమ్మ నీలం డ్రమ్ముకు అడ్డంగా నిలబడింది.

స్రవంతి చేతిలోని క్యాను కింద పెట్టింది. భాగ్యమ్మ కూతురు మహితతో కలిసి యూనివర్సిటీలో చదివిన పిల్ల. జంపఖానాల నూలుకు రంగు అద్దాక మిగిలే మురికినీళ్లలో రంగును తినేసే సూక్ష్మజీవుల్ని ఆ ఇద్దరే ఈ కొత్తవాడ ఇంటి పెరట్లో, ఈ డ్రమ్ములోనే పెంచారు. జ్వరమొచ్చి మహిత పోయి ఆరు నెలలు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే డ్రమ్ములో బెల్లం నీళ్లు పోయనిదే భాగ్యమ్మ చాయ్ కూడా ముట్టదు. "తిన్నవా బిడ్డా" అని డ్రమ్మునే అడుగుతుంది. సాయంత్రం మొగుడు పోసిన ఎర్రటి నీళ్లు పొద్దున్నే తేటగా కనిపిస్తే, ఆ పూటకు ఆమె కడుపు నిండినట్టే.

"కొత్తవి తెచ్చినమ్మా. పాతవి పారబోసి ఇవి పోద్దాం."

"ఎందుకు పారబోస్తవ్? నా బిడ్డ పెంచినయి అవి. మంచిగ బతికున్నయి."

స్రవంతి తల దించుకుంది. "లేవమ్మా. పోయిన వారం సీసాల పట్టుకపోయిన నీళ్లు రెండుసార్లు టెస్ట్ చేసిన. మేం పెంచినయి ఒక్కటి గూడ లేదు. బ్లీచింగ్ పౌడర్ గిట్ల పడ్డదా ఇందుల?"

భాగ్యమ్మ డ్రమ్ములోకి తొంగి చూసింది. మహిత పోయిన పదోనాడు, మైల పోవాలని ఇల్లంతా బ్లీచింగ్ చల్లి కడిగింది తనే. వాసనొస్తోందని, ఏ సోయీ లేకుండా డ్రమ్ములోనూ రెండు దోసిళ్లు గుమ్మరించింది.

"అయ్యో, నా చేతులార నేనే సంపుకున్ననా!" గుండెలు బాదుకుంటూ కూలబడింది. ఆ ఏడుపు చూసి స్రవంతికీ కన్నీళ్లాగలేదు.

ఉన్నట్టుండి భాగ్యమ్మ తలెత్తింది. "అబద్ధం! అవి సచ్చిపోతే రోజూ నీళ్లెట్ల తేటయితున్నయ్? చెప్పు!"

స్రవంతికీ అదే అంతుపట్టలేదు.

పొయ్యి దగ్గర రంగు నూలు పిండుతున్న మొగుడి వైపు తిరిగింది భాగ్యమ్మ. "నువ్వన్న చెప్పవేందయ్యా! రోజూ చూస్తనే ఉన్నవ్ గద!"

రాజలింగు చేతిలోని నూలు వదిలేశాడు. తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"రోజూ నువ్వు లేవకముందే రంగునీళ్లు మోరీల పారబోసి, బోరు నీళ్లు నింపుతాన్న భాగ్యా. బిడ్డ పోయిందని నీకు రెండోసారి చెప్పనీకి నాకు నోరు రాలే."