కాండక్ట్ సర్టిఫికెట్

“నేను పెట్టను. ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళు.”

రామకోటేశ్వరరావు కాగితాన్ని చేత్తో తోసేశాడు. అది బల్ల మీంచి జారి కింద పడింది. ఎదురుగా నిలబడ్డ బాలశౌరి వంగి దాన్ని తీశాడు. దుమ్ము దులిపి మళ్ళీ అతని ముందే పెట్టాడు.

పొద్దున్న పదింటి నుంచి ఇది మూడోసారి.

బాలశౌరికి ఇరవై రెండేళ్ళు. బీకాం ఫస్టు క్లాసు. తనతో చదివినవాళ్ళు ఇంకా ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతున్నారు. అతనికి మాత్రం బ్యాంకు పరీక్ష రాసిన మొదటిసారికే ఉద్యోగం వచ్చింది. సోమవారం గుడివాడ బ్రాంచిలో చేరాలి. ఈవేళ శనివారం.

చేరేటప్పుడు మంచివాడినని రుజువు చూపించాలి. డెబ్భై నాలుగులో మంచితనం అంటే ఇద్దరు గెజిటెడ్ ఆఫీసర్లు సంతకం పెట్టిన రెండు కాగితాలు. ఒకటి ప్రిన్సిపాలు గారు అడగ్గానే ఇచ్చారు. రెండోది లేకపోతే ఉద్యోగం లిస్టులో తర్వాతున్నవాడికి పోతుంది.

బెజవాడలో గెజిటెడ్ ఆఫీసర్లకు కరువేం లేదు. గవర్నరుపేటలో నాలుగడుగులు వేస్తే ఒకరు ఎదురుపడతారు. అయినా బాలశౌరి బందరు కాలవ పక్కనున్న ఈ ఆఫీసుకే వచ్చాడు. ఇక్కడికి వస్తున్నట్టు వాళ్ళమ్మకి కూడా చెప్పలేదు.

“కోటాలో వచ్చిందా ఉద్యోగం?” అన్నాడు రామకోటేశ్వరరావు.

“పరీక్షలో వచ్చిందండి.”

“రెండు ముక్కలు చదివేసరికి కళ్ళు నెత్తికెక్కుతాయి మీకు. ఆఫీసరు ముందు ఎలా నిలబడాలో కూడా తెలీదు.”

“నిలబడటం బాగానే వచ్చండి. పదింటి నుంచి చేస్తున్నది అదే.”

పక్క గదిలో ఎవరో దగ్గినట్టు నవ్వారు. రామకోటేశ్వరరావు అటు ఉరిమి చూసి, గొంతు పెంచాడు.

“నువ్వెవరో నాకు తెలీదు. తెలీనివాణ్ణి పట్టుకుని మంచివాడని ఎలా రాయమంటావ్?”

బాలశౌరి ఈ మాట కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు.

“మా అమ్మ తెలుసండి మీకు. అమలమ్మ. యాభై ఒకటిలో మీరు చల్లపల్లిలో పనిచేసేటప్పుడు మీ ఇంట్లో పనికి ఉండేది.”

పక్క గదిలో టైపు మిషను చప్పుడు ఆగిపోయింది. రామకోటేశ్వరరావు మొహం కందగడ్డలా అయింది. పెద్ద ఆఫీసరు పరువు అంటే అంతే. పాత పనిమనిషి పేరు పదిమందిలో వినిపిస్తే చాలు, రాలిపోతుంది.

“పనిమనుషుల పిల్లలందరికీ నేను పూచీ పడాలా?” అన్నాడు.

సంతకాలకి ఫైళ్ళు పట్టుకొచ్చిన హెడ్ క్లర్కు వెంకటప్పయ్య అక్కడే నిలబడి అంతా విన్నాడు. ఆయనకి ముప్ఫై ఏళ్ళ సర్వీసు. రూల్సన్నీ కంఠతా వచ్చు. పైగా జాలిగుండె.

“పోనీ పెట్టేద్దురూ సార్. తల్లి మీకు తెలిసినావిడేనాయె.”

“మీరూరుకోండి వెంకటప్పయ్య గారూ.”

“సరేనండి,” అన్నాడు బాలశౌరి. “పెట్టొద్దు. ఎందుకు పెట్టరో ఆ ముక్క రాసివ్వండి. పట్టుకెళ్ళి బ్యాంకు వాళ్ళకి ఇస్తాను.”

“నాకే ఆర్డర్లు వేస్తున్నావా?”

“అడుగుతున్నానండి.”

మాటలో మర్యాదకి లోటు లేదు. చూపులో మాత్రం మర్యాద లేదు. బాలశౌరికి ఆ మనిషంటే అసహ్యం. దాన్ని దాచుకోవాలని కూడా అతనికి లేదు.

వెంకటప్పయ్య గొంతు సవరించుకున్నాడు. “రాసివ్వాలంటే చిక్కేనండి. ముక్కూ మొహం తెలియనివాడు, చెడ్డవాడు, చుట్టం. ఈ ముగ్గురికే మనం ఇవ్వకూడదు. తెలియనివాడు కాదని తేలిపోయింది. చెడ్డవాడంటే రుజువు చూపించాలి. చుట్టం ఎలాగూ కాడు. ఇంక కాదంటే రేపు బ్యాంకు వాళ్ళు మనల్నే అడుగుతారు సార్.”

రామకోటేశ్వరరావు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. అతని ప్రమోషను ఫైలు హైదరాబాదులో ఉంది. ఇలాంటప్పుడు ఒక్క పిటిషను వెళ్ళినా ఫైలు అక్కడే పడుకుంటుంది.

“ఇంజనీరు గారికి ఫోను చేసి చెబుతాను. పక్క వీధే. వెళ్ళి ఆయన చేత పెట్టించుకో,” అన్నాడు, గొంతు కాస్త తగ్గించి.

“మీ చేతిరాతే కావాలండి.”

“ఏమిట్రా నీ పంతం?”

“పంతం అనుకోండి. సంతకమైనా పెట్టండి, కారణమైనా రాసివ్వండి. రెండిట్లో ఏదిచ్చినా తీసుకుని వెళ్ళిపోతాను. మళ్ళీ మీ గుమ్మం తొక్కను.”

“కారణం రాసిస్తే నీ ఉద్యోగం పోతుందిరా వెధవా. తెలుస్తోందా?”

“పోనివ్వండి.”

బాలశౌరి కాగితాన్ని ఇంకాస్త ముందుకు జరిపాడు. వెంకటప్పయ్యకి ఏమీ బోధపడలేదు. వచ్చిన బ్యాంకు ఉద్యోగాన్ని పోనివ్వండనే కుర్రాణ్ణి ఆయన తన సర్వీసులో చూడలేదు.

రామకోటేశ్వరరావు కాగితం దగ్గరికి లాక్కున్నాడు. మొదటి వాక్యం చదివాడు. రెండోది చదివాడు. మూడో దాని దగ్గర చాలాసేపు ఆగాడు. బాలశౌరి కళ్ళు ఆర్పకుండా ఆ చేతినే చూస్తున్నాడు.

“ఇంకు ఉందా సార్?” అన్నాడు వెంకటప్పయ్య.

ఉంది. ‘ఈ అభ్యర్థి నాకు ఏ విధంగానూ బంధువు కాడు’ అన్న ఆ మూడో వాక్యం కింద, ఆకుపచ్చ సిరాతో, తొణక్కుండా బెణక్కుండా సంతకం పెట్టాడు బాలశౌరి కన్నతండ్రి.